తలుపు వైపు కన్ను

కథ ఎక్కడ ఆగిందో ఒకసారి గుర్తు చేసుకుని ముందుకు పోదాం.

ఊరందరూ అద్దాలమ్మ అని పిలిచే మన కళ్ళజోళ్ళ షాపావిడ, షాపుకి తాళం వేసి, మొగుడితో, కూతురితో, అల్లుడితో, మనవరాలితో సముద్రం మధ్యనున్న ఈ చిన్న దీవికి సెలవులు గడపటానికి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ తినటం, పడుకోవటం, పిట్టల్ని చూడటం తప్ప ఇంకో పని లేదు. పిట్టల పిచ్చి అల్లుడిది. గెస్ట్‌హౌస్ వరండాలో ఎవరో వదిలేసి పోయిన బొమ్మల పుస్తకం ఒకటి చంకన పెట్టుకుని, కనపడ్డ ప్రతి కొంగకీ కొత్త పేరు పెడుతున్నాడు. నిన్న సాయంత్రం వరకూ అదంతా నవ్వులాటే. నిన్న సాయంత్రం తడి ఇసుకలో నడుస్తూ, పైన తిరుగుతున్న గద్దని చెయ్యెత్తి చూపిస్తూ, ఆమె మొగుడు ఎడమకాలు తీసుకెళ్ళి సరిగ్గా ఓ బుల్లిపిట్ట ఇసుకలో పెట్టుకున్న గుడ్ల మీద వెయ్యబోయాడు. పక్కనున్న మనవరాలు చెయ్యి పట్టి గుంజబట్టి సరిపోయింది.

గుడ్లు దక్కాయని అందరూ సంబరపడ్డారు. అల్లుడైతే వాటి చుట్టూ పుల్లలు పాతి, గెస్ట్‌హౌస్ వాళ్ళ నీలం తువాలు చించి ముక్కలు కట్టి, ఎవరూ తొక్కకుండా కంచె కూడా వేశాడు. తువాలు సంగతి మేనేజరుకి ఏం చెప్పాలన్నది రేపటి గొడవ. అద్దాలమ్మ మాత్రం నిలబడ్డ చోటే నిలబడిపోయింది. గుడ్లంటే ఇసుకరంగులో కలిసిపోయాయి, సరే. వాటి మీదినుంచి కీచుకీచుమంటూ లేచిన తల్లిపిట్ట సంగతేమిటి? ఎడమ పక్క, మూరెడు దూరంలో, రెక్కలు టపటప కొట్టుకున్న పిట్టని ఈ మనిషి చూడలేదా?

ఆ ప్రశ్నతోనే ఆమెకి తెల్లవారింది.

కొత్తగా ఈ కథలోకి వచ్చినవాళ్ళకి ఆ మనిషి గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఆయన స్కూలు బస్సు నడుపుతాడు. అందుకే పిల్లలకీ, పిల్లల్ని చూసి పెద్దలకీ కూడా ఆయన బస్సుతాత. ఆయన కళ్ళంటే అద్దాలమ్మకి ఎంత గర్వమో చెప్పనలవి కాదు. షాపుకొచ్చినవాళ్ళు "వయసొస్తే ఎవరికైనా జోడు తప్పదు కదండీ" అంటే చాలు, "మా ఆయనకి తప్పింది. డేగ కళ్ళండీ ఆయనవి" అనేది. కళ్ళజోళ్ళు అమ్ముకునే మనిషి ఆ మాట అనొచ్చా? మన వ్యాపారానికి మనమే గండి కొట్టుకుంటున్నామని కూతురు ఎన్నిసార్లు కసిరిందో. అయినా మానేది కాదు. మొగుడి గురించి గొప్ప చెప్పుకోవటానికి ఆమెకి దొరికిన సాకు అదొక్కటే మరి.

అలాంటిది, రాత్రంతా పక్కమీది ఇసుక గుచ్చుకుంటుంటే కళ్ళు తెరుచుకుని పడుకుని, ఈ దీవికి వచ్చిన దగ్గర్నుంచీ జరిగినవన్నీ ఒక్కొక్కటీ గుర్తు చేసుకుంది. ముఖ్యంగా ఆ బైనాక్యులర్ సంగతి.

బైనాక్యులర్ అల్లుడు కొత్తగా కొన్నది. అందరి చేతులూ మారుతోంది. దానికి మధ్యలో ఒక చక్రం ఉంటుంది, కుడి గొట్టానికి మాత్రం విడిగా ఇంకో రింగు. రెండు కళ్ళూ ఒక్కలా ఉన్నవాళ్ళు లోకంలో తక్కువ కనక, ఎవరి చేతికొస్తే వాళ్ళు ఆ రింగుని కాస్త ఇటో అటో సర్దుకోవాలి. లేకపోతే ఒక కంటికి తేటగా, ఇంకో కంటికి మసగ్గా కనపడి తల నొప్పెడుతుంది. అద్దాలమ్మ కుడికన్ను చిన్నప్పటినుంచీ బలహీనం. జోడు తీసేసి చూస్తుంది కాబట్టి రింగుని ఆ చివరికంటా తిప్పేస్తుంది. ఆమె తర్వాత అల్లుడు తీసుకుంటే "అత్తయ్యగారూ, మళ్ళీ తిప్పేశారా!" అని లబోదిబోమనేవాడు. కూతురూ అంతే. బస్సుతాత ఒక్కడే ఏనాడూ ఏమీ అనలేదు. మధ్య చక్రం ఒక్కటి తిప్పుకుని "ఆహా" అనేవాడు. తిరిగి ఆమె చేతికొచ్చేసరికి రింగు ఆమె పెట్టిన చోటే ఉండేది. ఎంత సర్దుకుపోయే మనిషో అని మురిసిపోయింది పిచ్చిది!

సర్దుకుపోవటం కాదది. ఒక కన్నుతోటే చూసేవాడికి మధ్య చక్రం ఒక్కటి చాలు, రెండు కళ్ళనీ సమం చేసే రింగుతో పనేముంది?

దీపం కిందే చీకటంటే ఇదే. ఊరందరి కళ్ళూ చూసి పంపించే మనిషి, పక్కలో పడుకునే మనిషి కన్ను చూడలేదు.

పొద్దున్నే అల్లుడు పడవల రేవు వైపు పుస్తకం పట్టుకుని వెళ్ళాడు. కూతురు మనవరాలికి తల దువ్వుతోంది. ఆ పిల్ల నోట్లో నువ్వుగింజ నానదని ఇంట్లో అందరూ రేడియో అని పిలుస్తారు. దువ్వెన తలలో ఉన్నా నోరు ఆగటం లేదు. ఇదే సందని అద్దాలమ్మ బైనాక్యులర్ మెడలో వేసుకుని మొగుణ్ణి లేపింది.

"ఇంత పొద్దున్నే పిట్టలు లేచుంటాయంటావా?" అన్నాడు ఆయన ఆవలిస్తూ.

"పిట్టలు లేవకపోతే ఇంకెవరు లేస్తారండీ? నడవండి."

గెస్ట్‌హౌస్ వెనక, బురదనేల మొదలయ్యే చోట, పిట్టల్ని చూడటానికి వచ్చేవాళ్ళ కోసం ఎవరో చెక్కలతో మంచె కట్టారు. దాని మెట్లు ఎక్కుతూ ఆయన ఎడమచేత్తో కొయ్యని తడుముకోవటం ఆమె చూసింది. నిన్నా అలాగే తడుముకుని ఉంటాడు, మొన్నా అలాగే. చూసే కళ్ళుంటే కదా! పైకెక్కాక కావాలని ఆయనకి ఎడమ పక్కన కూర్చుంది. ఆయన ఆమెతో మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా తల మొత్తం తిప్పి, దాదాపు ఒళ్ళంతా తిప్పి మాట్లాడాడు. ఇన్నాళ్ళూ అది ప్రేమ అనుకుంది. ప్రేమే కావచ్చు, దానితోపాటు ఇంకోటి కూడా.

కింద తువాలు ముక్కల కంచె పక్కనుంచి ఓ కుక్క మట్టి వాసన చూసుకుంటూ వస్తోంది. తల్లిపిట్ట గుడ్ల మీదినుంచి దిగి, కుక్క ముందు ఒక రెక్క ఈడ్చుకుంటూ, పడుతూ లేస్తూ, కీచుమని అరుస్తూ దూరంగా పరిగెత్తటం మొదలుపెట్టింది.

"అదిగోనండీ, చూడండి చూడండి" అని అద్దాలమ్మ బైనాక్యులర్ ఆయన కళ్ళకి తనే ఆనించింది. ఆనించే ముందు ఎడమ గొట్టం ముందున్న నల్లటి మూతని బొటనవేలితో నొక్కి బిగించింది. దేవుడా, మూత తియ్యలేదేమిటే అని ఈయన నన్ను తిట్టాలి. మంచి తిట్టు ఒకటి తిట్టాలి.

ఆయన మధ్య చక్రం తిప్పుకున్నాడు.

"అబ్బబ్బ! ఎంత బాగా కనపడుతోందే! పాపం, రెక్క విరిగినట్టుందే దానికి. ఈడ్చుకుంటూ పోతోంది."

"రెండు కళ్ళకీ బాగానే ఉందా?"

"ఎందుకుండదూ! సినిమా తెరలా ఉంది."

అద్దాలమ్మ ఆయన ఎడమచెయ్యి అందుకుని, చూపుడువేలు తీసుకెళ్ళి ఎడమ గొట్టం చివర పెట్టింది. ఆ వేలు మూత చుట్టూ ఒకసారి తిరిగింది. ఆగిపోయింది.

కింద కుక్క వెళ్ళిపోయింది. ఇంతసేపూ కుంటుకుంటూ పోయిన పిట్ట, కుక్క దూరమయ్యాక చక్కగా రెండు రెక్కలూ విప్పి ఎగిరొచ్చి గుడ్ల మీద కూర్చుంది.

"మూత తియ్యటం మర్చిపోయావే" అన్నాడాయన, నవ్వు తెచ్చుకుని.

"మర్చిపోలేదండీ."

ఆ నవ్వు అలాగే ఉండిపోయి, మెల్లిగా దిగజారింది. బైనాక్యులర్ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎప్పటినుంచి?"

"ఏది?"

"చాల్లెండి నాటకాలు. కింద ఆ పిట్టని చూశారా? లేని దెబ్బ ఉన్నట్టు నటించింది, పిల్లల్ని కాపాడుకోవటానికి. మీరేమో ఉన్న దెబ్బ లేనట్టు నటిస్తున్నారు. ఎవర్ని కాపాడటానికో చెప్పండి. ఎప్పటినుంచి?"

ఆయన బైనాక్యులర్ పట్టీని వేలికి చుట్టి, విప్పాడు. "పోయిన చలికాలం" అన్నాడు చివరికి. "పొద్దున్నే బస్సు తీస్తే ఎడమ పక్క మంచు పట్టినట్టుండేది. చలికాలం కదా, మంచే అనుకున్నా. ఎండొచ్చాక కూడా పోలేదు. ఆ తర్వాత ఎండాకాలం వచ్చింది. అప్పుడూ పోలేదు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు మంచు కూడా లేదు. ఏమీ లేదు."

ఏమీ లేదన్న ఆ మాట ఆయన ఎంత మామూలుగా అన్నాడంటే, డబ్బాలో చక్కెర లేదని చెప్పినట్టు అన్నాడు. అద్దాలమ్మకి కోపం, ఏడుపు ఒకేసారి వచ్చాయి. కోపం ముందు బయటికొచ్చింది.

"నాతో చెప్పాలని అనిపించలేదా మీకు? నేనెవరినండీ? ఎదురింటి దాన్నా? బజార్లో పోయేవాళ్ళు ఆగి కన్ను దురద పెడుతోందమ్మా అని నాకు చెప్పుకుంటారు. మీకు కన్నే పోతుంటే నాకు చెప్పరా?"

"చెబితే ఏం చేసేదానివి?"

"రెక్క పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళేదాన్ని."

"డాక్టరు ఏమంటాడు? బస్సు దిగమంటాడు."

"దిగాలి మరి!"

"అందుకే చెప్పలేదు" అన్నాడాయన, అదేదో పెద్ద న్యాయమైన మాట అన్నట్టు.

అద్దాలమ్మకి అప్పుడు ఇంకో సంగతి తట్టింది. "ఉండండుండండి. డ్రైవర్లకి ఏటా కంటి పరీక్ష ఉంది కదా? ఈ ఏడు మీ స్కూలువాళ్ళు అడగలేదా?"

"అడిగారు. సెలవులివ్వగానే చేయించుకున్నాగా, మన షాపులోనే. నువ్వు మీ చెల్లెలి కూతురి పెళ్ళికెళ్ళావు చూడు, అప్పుడు. అమ్మాయే చేసింది."

"మరి ఎడమ కంటితో ఎలా చదివారు?"

బస్సుతాత కళ్ళు రెండూ గట్టిగా మూసుకున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఎక్కాలు అప్పజెప్పే పిల్లాడిలా, రాగం తీసి మొదలుపెట్టాడు. "పెద్దది ద. దాని కింద ర, గ. దాని కింద న, ట, ప. ఆ తర్వాత మ, క, వ, ల. ఆ కింద..."

షాపు గోడకి వేలాడే అక్షరాల పట్టిక! పెళ్ళయిన దగ్గర్నుంచీ సాయంత్రం బస్సు పెట్టొచ్చి షాపులో ఆ మూల కుర్చీలో కూర్చుని టీ తాగేవాడు. ఊళ్ళో ఎంతమంది వచ్చి ఆ అక్షరాలు చదివారో అన్నిసార్లూ విన్నాడు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. అద్దాలమ్మకి వద్దనుకున్నా నవ్వొచ్చేసింది. నవ్వుతూనే ఆయన చేతి మీద ఒక్కటిచ్చుకుంది.

"సిగ్గు లేకపోతే సరి! కన్నకూతుర్ని మోసం చేస్తారా?"

"అంతసేపూ బుర్ర వంచుకునే ఉందే పాపం. చదవటం అయ్యాక 'బాగుంది నాన్నా' అంది. నాకే బాధేసింది."

నవ్వు ఎలా వచ్చిందో అలాగే పోయింది. సోమవారం స్కూలు తెరుస్తారు. సోమవారం పొద్దున ఈ మనిషి ఆ బస్సు తీస్తాడు.

"నేను చెప్పేది వినండి" అంది గొంతు తగ్గించి. "మీకు చూపు లేని కన్ను ఏ వైపో తెలుసా?"

"నా కన్ను నాకు తెలీదా?"

"తలుపు వైపండీ. పిల్లలు ఎక్కే వైపు, దిగే వైపు. దిగుతారు, బూటు ఊడిపోతుంది, చక్రం పక్కనే వంగి తొడుక్కుంటారు. మీకెలా తెలుస్తుంది?"

"అద్దం ఉంది. మెడ తిప్పి చూస్తా. నా బండికి ఇవాళ్టి దాకా ఒక్క గీత పడలేదు తెలుసా? పిల్లాడు దిగి గేటు దాటేదాకా కదిలించను."

"నిన్న మెడ తిప్పారా?"

ఆయన చెయ్యి మెడ వెనక్కి పోయింది.

"నిన్న గుడ్లు. అంతే అనుకోండి. గుడ్లే కదా" అంది. అని, తన మాటకి తనకే ఒళ్ళు జలదరించి పైట చెంగు భుజాల చుట్టూ కప్పుకుంది.

"ఒక్క ఏడే" అన్నాడు బస్సుతాత. బతిమాలటం ఆయనకి అలవాటు లేదు. అందుకే ఆ మాట ఆమెకి ఎక్కడో తగిలింది. "ఈ ఒక్క ఏడు నడిపి మానేస్తా. నువ్వు మానమన్న రోజు మానేస్తా. రేడియో ఈ ఏడే కదే బళ్ళో చేరుతోంది. అది పుట్టిన రోజు, ఆస్పత్రి వరండాలోనే అనుకున్నా, దీన్ని మొదటిరోజు బడికి నా బస్సులో నేనే తీసుకెళ్ళాలని. ముందు సీటు నీదేనని మాటిచ్చా. దానికి ఇచ్చిన మాట ఎలా తప్పమంటావు?"

"దాని కోసమే మానండంటున్నా."

"బస్సు దిగితే నేనెవర్నే? పొద్దున్నే ఆ పిల్లలందరూ 'బస్సుతాతా' అని అరుస్తూ ఎక్కుతారు చూడు, దాని కోసమే నాకు మెలకువ వస్తుంది. బస్సు లేకపోతే ఉత్త తాతని. ఎక్కడ కూర్చోబెడితే అక్కడ కూర్చునే తాతని."

అద్దాలమ్మకి అప్పుడొచ్చింది ఏడుపు. షాపులో ఎవరైనా చీరకొంగుతో అద్దాలు తుడిస్తే కయ్యిమని లేచే మనిషి, ఇప్పుడు తన జోడు తీసి తనే కొంగుతో పరపరా తుడిచేసుకుంది.

"నాకు కోపం మీ మీద కాదండీ. మీ పక్కన పడుకుని ప్రతి రాత్రీ ఊళ్ళోవాళ్ళ కళ్ళ గురించి కబుర్లు చెప్పాను. వాడికి ఈ నంబరొచ్చింది, ఆవిడకి ఆ నంబరొచ్చింది అని. మీరు ఊఁ కొట్టారు. ఒక్కరే ఎంత భయపడి ఉంటారో..."

"ఛ, ఊరుకో. నువ్వు ఏడిస్తే నాకు రెండో కన్ను కూడా మసకబారుతుంది" అన్నాడాయన ఆమె భుజం మీద చెయ్యేసి. హాస్యానికే అన్నాడు. అనేసి మొహం కొంగల వైపు తిప్పుకున్నాడు.

మెట్ల మీద టకటకమని చెప్పుల చప్పుడైంది. రేడియో! ఒక జడ వేసి ఉంది, ఒక జడ వెయ్యలేదు. దువ్వెన చేతిలోనే ఉంది. వచ్చీరాగానే తాతకీ అమ్మమ్మకీ మధ్య దూరటానికి మోచేతులతో తోసింది.

"అమ్మమ్మా, జరుగు. అది నా చోటు."

"అంత చోటుందిగా ఆ పక్కన. అటు కూర్చోవే."

"అటు కాదు. నేను ఇటే కూర్చోవాలి. తాతకి ఇటు పక్క..."

రెండు చేతులూ, దువ్వెనతో సహా, ఠక్కున నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళు మాత్రం పైన గిర్రున తిరుగుతున్నాయి.

అద్దాలమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన నేల చూపులు చూస్తున్నాడు.

"ఒట్టు తీసి గట్టున పెట్టేశానే తల్లీ" అన్నాడు మెల్లిగా. "అమ్మమ్మకి తెలిసిపోయింది. చెప్పెయ్యి."

ఇంక ఆగుతుందా రేడియో? "హమ్మయ్య! నాకు కడుపు నొప్పొచ్చింది తాతా, దాచుకోలేక. అమ్మమ్మా, తాతకి ఇటు పక్క కన్ను ఉత్తిదే. అందుకని నేను ఎప్పుడూ ఇటే నడుస్తా. మెట్టొస్తే చెయ్యి నొక్కుతా. గుంటొస్తే రెండుసార్లు నొక్కుతా. నిన్న గుడ్లొస్తే ఎన్నిసార్లు నొక్కాలో తెలీక లాగేశా."

అద్దాలమ్మ ఆ పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. ఏమనాలో తెలీక విడిగా ఉన్న జుట్టుని మూడు పాయలు చేసి అల్లటం మొదలుపెట్టింది.

"బళ్ళో చేరాక కూడా నేనే" అని రేడియో సాగిపోయింది. "ముందు సీటు అందుకే కదా ఇచ్చాడు తాత. తలుపు దగ్గర. అటు నుంచి కుక్క వచ్చినా, పిల్లలొచ్చినా నేనే చూసి చెప్పాలి. 'తాతా ఆగూ' అని గట్టిగా అరుస్తా. ఇలాగ." నిజంగానే అరిచింది. బురదలో కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. "కానీ తాతా, నాకు పొద్దున్నే నిద్రొస్తుంది కదా. అందుకని బళ్ళో నిద్రపోతా గానీ బస్సులో మాత్రం నిద్రపోను. అస్సలు పోను. కళ్ళు ఆర్పను కూడా."

అల్లుతున్న జడ అద్దాలమ్మ చేతుల్లోంచి జారిపోయింది.

బస్సుతాత మనవరాలి మొహంలోకి చూశాడు. అలా చూడటానికి ఒళ్ళంతా ఎడమ పక్కకి తిప్పాడు. ఆయన ముందు సీటు ఇచ్చింది ముద్దు కొద్దీ. 'నా రెండో కన్ను నువ్వేనే' అని ఎప్పుడో అన్నది కూడా ముద్దు కొద్దే. ఆ పిల్ల మాత్రం దాన్ని ఉద్యోగంలా తీసుకుంది. ఇంకా పాలపళ్ళు ఊడని పిల్ల, బస్సెడు పిల్లల ప్రాణాలకి కాపలా కాయటానికి కళ్ళు ఆర్పనంటోంది.

"ఫోనివ్వవే" అన్నాడు పెళ్ళాంతో.

దీవిలో ఇంకెక్కడా ఫోను పలకదు గానీ ఈ మంచె మీద పలుకుతుంది. స్కూలు పెద్ద టీచరమ్మకి చేశాడు. లేచి నిలబడి మాట్లాడాడు, ఆవిడ ఎదురుగా ఉన్నట్టు.

"నమస్తే అమ్మా, నేను బస్సుతాతని... ఆఁ, సెలవులు బాగానే గడుస్తున్నాయి. సోమవారం నుంచి బస్సుకి ఇంకొకర్ని చూసుకోండమ్మా... లేదులేదు, ఒంట్లో బాగానే ఉంది. కంట్లో బాలేదు." కాసేపు అవతలి మాట విన్నాడు. "ముందే చెప్పాల్సింది. చెప్పలేదు. తప్పు నాదే. వచ్చాక మీ ఎదురుగా నిలబడి చెబుతా."

ఫోను తిరిగిచ్చేసి కూర్చున్నాడు. ఆయన అరచెయ్యి చెమటకి తడిసిపోయింది. అద్దాలమ్మ ఆ చేతిని తన రెండు చేతుల్లోకీ తీసుకుని అలాగే ఉంచుకుంది. ఆ నిమిషంలో ఆమెకి మొగుడి మీద ఎంత ప్రేమ వచ్చిందంటే, డేగ కళ్ళని గొప్పలు చెప్పుకున్న రోజుల్లో కూడా అంత రాలేదు.

"మరి నా ముందు సీటు?" అంది రేడియో, కళ్ళలో నీళ్ళు నింపుకుని.

"నీదే. డ్రైవరు సీటే నాది కాదు. మొదటిరోజు నీ పక్కన నేనూ కూర్చుని వస్తా. ఇద్దరం నిద్రపోదాం."

పిల్ల ఆలోచించింది. బేరం బాగానే ఉన్నట్టుంది, తలూపింది.

"ఏమే రేడియో" అంది అద్దాలమ్మ ముక్కు తుడుచుకుంటూ, "నోట్లో నువ్వుగింజ నానని దానివి, ఇన్నాళ్ళు ఎలా దాచావే?"

"నేనొక్కదాన్నే ఏం కాదు. అమ్మ కూడా దాచింది."

తాతా అమ్మమ్మా మొహమొహాలు చూసుకున్నారు.

"షాపులో తాత అక్షరాలు చదివాడు కదా, నేను బల్ల కింద ఆడుకుంటున్నా. తాత వెళ్ళిపోయాక అమ్మ ఏడ్చింది. అమ్మమ్మకి చెప్పకు, అమ్మమ్మే కనుక్కుంటుంది అంది."

"అమ్మా!" కిందినుంచి కూతురి గొంతు. టీ ఫ్లాస్కు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉంది. "ఇవాళైనా కొత్త పిట్ట కనపడిందా?"

ఈ దీవికి వచ్చిన దగ్గర్నుంచీ రోజూ పొద్దున్నే అదే ప్రశ్న. రోజూ అంత ఆత్రంగా ఎందుకడుగుతోందో అద్దాలమ్మకి ఇప్పుడు తెలిసింది. మనవరాల్ని తాత దగ్గర వదిలి, బైనాక్యులర్ మూత ఊడదీసి గుప్పిట్లో పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళింది. గుప్పిట తెరిచి ఆ నల్లటి మూత చూపించింది.

కూతురు మూత వైపు చూసి, ఫ్లాస్కు పక్కన పెట్టి, కింది మెట్టు మీద కూలబడింది. "హమ్మయ్య. కనుక్కున్నావా?"

"నాతో ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయిందే?"

"నేను చెబితే నాన్న ఇంకో అబద్ధం ఆడతాడమ్మా. నువ్వు పట్టుకుంటే ఆడలేడు. అసలు మీ అల్లుడికి కొంగకీ బాతుకీ తేడా తెలుసా? నీ చేతికి, నాన్న చేతికి బైనాక్యులర్ ఒకటి ఇస్తే మిగతాది నువ్వే చూసుకుంటావని కొన్నాం. సోమవారం దగ్గర పడుతున్న కొద్దీ నాకు ప్రాణం పోతోంది. ఇవాళ కూడా నువ్వు పట్టుకోకపోతే నేనే చెప్పేసేదాన్ని."

"చెప్పేశాడు స్కూలుకి. బస్సు మానేశాడు" అంది అద్దాలమ్మ. "ఇంక పరవాలేదు. ఒక కన్ను పోతే పోయింది. రెండోది ఉందిగా. దాన్ని కాపాడుకుందాం."

కూతురు తల్లి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. పైకి వినపడకుండా, చెవి దగ్గరగా చెప్పింది.

"ఎడమ కంటికి నోటికి అప్పజెబుతున్నాడని మొదటి వరుసలోనే తెలిసిపోయిందమ్మా. అందుకని కుడి కంటి దగ్గరికి వచ్చేసరికి పట్టిక మార్చాను, వెనక వైపు కొత్త అక్షరాలుంటాయే, అది పెట్టాను. పై వరుసలు కొత్తవే చదివాడు. కింది వరుసలకొచ్చేసరికి..."

"ఊఁ?"

"పాతవే చదివాడు."

పైన మంచె మీదినుంచి బస్సుతాత గొంతు ఉత్సాహంగా వినిపించింది. పెద్ద బరువు దిగిపోయిన మనిషి గొంతు.

"ఏమే! త్వరగా రా! రేవు గుంజ మీద లకుముకి పిట్ట కూర్చుంది చూడు! ఎంత నీలంగా ఉందో!"

అద్దాలమ్మ తలెత్తి చూసింది. రేవులో పడవలు కట్టే గుంజ మీద, నిన్న చించిన తువాలు ముక్క ఒకటి గాలికి కొట్టుకొచ్చి చిక్కుకుని ఉంది. మెల్లిగా రెపరెపలాడుతోంది. అక్కడ ఏ పిట్టా లేదు.

రేడియో కూడా అటే చూస్తోంది. ఆ పిల్ల కళ్ళు మంచివి. ఒక్క క్షణం ఆగింది. తర్వాత తాత చెయ్యి పట్టుకుని ఒక్కసారి నొక్కింది.

"అవును తాతా" అంది. "లకుముకే."